కడప బండ మీద భాగహారం

చెన్నమ్మ టీచర్ పొద్దున లేచి చేసే పనులకు ఒక వరుస ఉండేది. వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, స్నానం చేసి వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టేది. దీపం పెట్టగానే కాఫీ తాగే అలవాటు లేదు. కొంగు బొడ్లో దోపుకుని, సుద్దముక్క తీసుకుని, గది ముందున్న అరుగు మీద కూర్చుని ఒక భాగహారం చేసేది. ఒక్కటే. అది ముగిసి, శేషం ఎంతో చూసుకుని, తడిగుడ్డతో బండ తుడిచాకే పాలు పొయ్యి మీదికెక్కేవి.

అరుగుకు పరిచింది కడప బండ. నున్నగా, నల్లగా ఉంటుంది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషికి అలాంటి బండ కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? బండ పైఅంచున ఒక పెద్ద సంఖ్య ఎప్పుడూ ఉండేది. ఎడమ మూలన ఆనాటి భాజకం ఉండేది. ఈ రెండూ తప్ప మిగతాదంతా ఏ రోజుకారోజు తుడుచుకుపోయేది.

ఆమె హైదరాబాదు వచ్చిన వైనం కూడా చెప్పాలి. ఖాజాగూడ ఊరికి ఇవతల, రాళ్ళగుట్టల పక్కన ఆమె తమ్ముడి కొడుకు రామాంజనేయులు ప్లాటు కొన్నాడు. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల రాళ్ళకు కూడా రెక్కలొచ్చాయి. ప్లాటు ఖాళీగా వదిలితే తెల్లారేసరికి ఎవరో నాలుగు రాతి కడీలు పాతి మాదేనంటారు. జీతానికి కాపలా పెడితే రేపు ఆ కాపలావాడే లేవనంటాడు. సొంత మనిషైతే ఆ భయం లేదు.

“అత్తా, జమ్మలమడుగులో ఒక్కదానివే ఉండి ఏం జేస్తావు? నా దగ్గరికొచ్చెయ్” అన్నాడు.

నా దగ్గర అంటే అతను కాపురముండే దిల్‌సుఖ్‌నగర్ కాదని ఇక్కడ దిగాక తెలిసింది. ఒక రేకుల గది, ఒక అరుగు, చుట్టూ మోకాలెత్తు ప్రహరీ. అందులోనే ఇంకో రెండు గదులు వేసి సౌజన్య అనే అమ్మాయికి కిరాయికి ఇచ్చాడు. నెలకొకసారి వచ్చి, మేనత్త ఎలా ఉందో చూసి, గోడలు ఎలా ఉన్నాయో ఇంకొంచెం ఎక్కువసేపు చూసి వెళ్ళేవాడు. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా అరటిపండ్లు తెచ్చేవాడు.

చెన్నమ్మకు పెళ్ళయిన రెండో ఏడే భర్త పోయాడు. పిల్లల్లేరు. ట్రైనింగు చేసి టీచరై, జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పింది. ఆ బడిలోనే పై తరగతులకు లెక్కలు చెప్పేవాడు వెంకటరామయ్య సారు. వాళ్ళిద్దరి స్నేహమంతా టీచర్ల గదిలో, అందరి ఎదురుగా, ఒక ఆటలో సాగింది. శనివారం సాయంత్రం గంట కొట్టాక ఆయన ఒక పెద్ద సంఖ్య చెప్పేవాడు. రెండు ప్రధాన సంఖ్యలు ఎంచుకుని, వాటిని గుణించి, ఆ లబ్ధం మాత్రం బయటపెట్టేవాడు. ప్రధాన సంఖ్య అంటే ఒకటీ, తానూ తప్ప మరెవరూ భాగించలేనిది. ఆ రెండింటినీ ఆమె వెతికి పట్టుకోవాలి. చిన్న భాజకాల నుంచి ఒక్కొక్కటే వేసి చూసుకుంటూ పోవడమే తప్ప వేరే దారి లేదు.

“ఏం టీచరమ్మా, టెంకాయ పగిలిందా?” అని సోమవారం గుమ్మంలోనే అడిగేవాడు.

“పగిలింది సార్. రెండు చిప్పలూ బాగుండాయి.”

“నాకెన్ని రోజులు పట్టిందో తెలుసునా అది గుణించడానికి!”

“గుణించడానికి రోజులెందుకు సార్? బద్ధకానికి పట్టింటాయి.”

టీచర్లంతా నవ్వేవాళ్ళు. ఆ ఆటలో ఒక ఆచారం ఉండేది. సంఖ్యతో పాటు ఆయన ఇద్దరు సాక్షులను కూడా ఇచ్చేవాడు. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో, పదకొండుతో భాగిస్తే ఎంత మిగులుతుందో చెప్పేవాడు. రాసుకోవడంలో పొరపాటొస్తే దొరికిపోవాలని.

ఆమె హైదరాబాదు బయలుదేరిన రోజు ఆయన కర్ర పొడుచుకుంటూ బస్సు దగ్గరికి వచ్చాడు. అప్పటికే మనిషి బాగా చిక్కిపోయాడు. కిటికీ చువ్వలు పట్టుకుని చెప్పాడు.

“ఇది కొంచెం పెద్దది టీచరమ్మా. తొందర పడొద్దు. రోజుకొకటి వేసి చూడు, ప్రసాదం మాదిరి. తొమ్మిదికి నాలుగు, పదకొండుకు రెండు.”

సంఖ్యను రెండుసార్లు పలికాడు. ఆమె రెండుసార్లూ తిరిగి అప్పజెప్పింది. బస్సు కదిలింది.

కొత్తచోట సర్దుకున్నాక మొదలుపెడదాంలే, పగిలిన రోజు ఫోను చేసి చెబుదాంలే అనుకుంది. దసరాకు ముందే ఆయన పోయినట్టు కబురు వచ్చింది. పండగ వెళ్ళాక చెన్నమ్మ సుద్దముక్క పట్టుకుంది. రెండు, మూడు, అయిదు చూపుతోనే తేలిపోతాయి కాబట్టి ఏడుతో మొదలుపెట్టింది. ఆ రోజు శనివారం. ఏడు పోలేదు, నాలుగు మిగిలింది. ఏడుకొండలవాడు కూడా నావైపు లేడే అని పటం వైపు చూసి నవ్వుకుంది.

ప్రధాన సంఖ్యల వరుస ఆమెకు విష్ణు సహస్రనామంలా నోటికి వచ్చు. రోజుకు పది వేసి చూడగలదు. వేసేది కాదు. ఒక్కో భాగహారం చేసేంతసేపూ సారు పక్క కుర్చీలో ఉన్నట్టే ఉండేది. టెంకాయ పగిలిన మర్నాడు ఆ కుర్చీ ఏమవుతుందో ఆమెకు తెలుసు.

పొద్దున భాగహారం అయ్యాక మిగిలిన పగలంతా చాలా పెద్దది. గుట్టల మీద రాళ్ళు పేల్చే చప్పుడుకు రేకులు గలగలలాడేవి. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు తప్ప దారిన మనిషి కనబడేవాడు కాదు. పలకరించే దిక్కు ఇద్దరే. ఒకరు కనకమ్మ. గుండ్రటి మేడలో ఊడ్చే పనికి పోతూ, దారిలో చెన్నమ్మకు పాలప్యాకెట్టు ఇచ్చిపోయేది. అది ఆమె పని కాదు, ఎవరూ చెప్పలేదు.

“ఏంది టీచరమ్మా, దినాం గదే లెక్క. ఇంక తెగలేదా?”

“తెగలేదు కనకమ్మా.”

“మా కోడలితోని నా పంచాయితీ లెక్కనే ఉన్నది గదా!”

ఇంకొకరు సౌజన్య. తెనాలి పిల్ల. భర్త ఉద్యోగం బెంగుళూరులో, ఈమెది ఇక్కడ. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయట, వాటికి ముందే నేర్పించే పని. పొద్దున స్కూటీ మీద పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వచ్చాక తన గది తలుపు తీయకముందే, “భోంచేశారా టీచర్ గారూ?” అని ఇటు కేకేసేది.

ఒకసారి బండ వైపు చూసి అంది.

“ఆ నంబరేదో నాకివ్వండి. ఆఫీసులో కొడితే రెప్పపాటులో చెప్పేస్తుందండి.”

“చెప్పేస్తాదిలేమ్మా. చెప్పేసినాక నేనేం జేసేది?”

సౌజన్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఉగాది ముందురోజు చెన్నమ్మకు నడుము పట్టేసింది. కనకమ్మ చూసి, ఆమెను మంచం దిగనివ్వకుండా వాకిలంతా చిమ్మి, పండగ పూట మురికి ఎందుకని అరుగు బండ కూడా పీచు పెట్టి తోమి తళతళలాడించింది. చెన్నమ్మ లేచి వచ్చేసరికి సంఖ్య లేదు. నోటికి వచ్చిందే కదా, మళ్ళీ రాసుకుంది. సారు నేర్పినట్టు అంకెలన్నీ కూడింది. నలభై. తొమ్మిదితో భాగిస్తే నాలుగు మిగిలింది. సరిపోయింది. మర్నాడు ఉగాదినాడు నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో మొదటిది, వెయ్యీ తొమ్మిది, వేసి చూసింది. పోలేదు. పచ్చడి తిని, పంచాంగం రేడియోలో విని పడుకుంది.

ఆషాఢం వచ్చింది. ఒక పొద్దున వాన వెలిసి బండ ఇంకా తేమగా ఉంది. ఆనాటి భాజకం పదహారు వందల తొంభై మూడు. ఎప్పటిలాగే వేసింది. రెండు పోయింది, ఎనిమిది పోయింది, మళ్ళీ రెండు. నూట అరవై తొమ్మిది మిగిలింది. చివరి మూడు కిందికి దించింది. దించాక చూస్తే ఎదురుగా నిలిచింది పదహారు వందల తొంభై మూడే! ఒకటి పోయింది. శేషం సున్న.

చెన్నమ్మ సున్నను చాలాసేపు చూసింది. నోట్లోంచి “పగిలింది సార్” అని వచ్చింది. విన్నవాళ్ళు లేరు. అవతల ట్యాంకరువాడు బిందెలవాళ్ళ మీద అరుస్తున్నాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇక రేపు పొద్దున దీపం పెట్టాక ఏం చెయ్యాలి?

అయినా ఆటకు మర్యాద ఉంది. రెండో చిప్ప కూడా బాగుందని చూడాలి. భాగఫలం రెండువేల ఎనిమిది వందల ఇరవై ఒకటి. అది కూడా ప్రధాన సంఖ్య అయి తీరాలి. ఊరికే ఏడుతో భాగించి చూసింది. నాలుగు వందల మూడు, నిశ్శేషం.

కుళ్ళిన టెంకాయ కొట్టినప్పుడు మనసుకు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకు. ఆ ముక్కకు ఏడు పోతే మొత్తం సంఖ్యకూ ఏడు పోవాలి. గబగబా పైసంఖ్యను ఏడుతో భాగించింది. పోయింది. నిక్షేపంగా పోయింది. మరి దసరా వెళ్ళాక, శనివారంనాడు, నాలుగు మిగిలిందే? స్వామిని చూసి నవ్వుకుందే? అది కలా?

ఆమె తల్లి చివరి రోజుల్లో పాలలో ఉప్పు వేసేది. కళ్ళెదుట ఉన్న కూతుర్ని చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పిలిచేది. చెన్నమ్మకు అన్నిటికన్నా భయం అదే. ఒంటరిగా ఉండే మనిషికి ఉన్న ఆస్తి తన తల ఒక్కటే. అది కూడా కబ్జా అయిపోతే?

ఆ వారమంతా ఆమె సుద్దముక్క ముట్టలేదు. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేక చప్పిడిగానే తినేది. కనకమ్మ కనిపెట్టింది. బోనాల పులిహోర తెచ్చి ముందు పెట్టి, అక్కడే చతికిలబడింది.

“గిట్ల గూసున్నవేంది టీచరమ్మా? పానం బాగలేదా? దవాఖానకు పోదామా?”

“ఏంల్యా కనకమ్మా.”

“లెక్క తెగలేదని పరేషాన్ అయితున్నవా? తెగకుంటే తెగకపాయె. ఇగో, తిను జర. నువ్వు తినేదాంక నేను డ్యూటీకి పోను. సూపర్‌వైజర్ తిడితే నీ పేరు చెప్త.”

చెన్నమ్మ తిన్నది. తిన్నాక ధైర్యం కొంచెం వచ్చింది. ఆ సాయంత్రం సౌజన్య రాగానే పిలిచి, బండ మీది సంఖ్య చూపించి, “దీన్ని మీ మిషన్లో వేసి చూడమ్మా. నేను చేసింది తప్పో రైటో తెలియాల” అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో సౌజన్యకు అర్థమైనట్టుంది. ఏమీ అడగకుండా వేలితో ఒక్కో అంకె చూసి రాసుకుంది.

మర్నాడు వచ్చి అరుగు మీద పక్కన కూర్చుంది. చెప్పడానికి తటపటాయించింది.

“ఏడు పోతుందండి. పదమూడు పోతుంది. ముప్పై ఒకటి పోతుంది. ఆ పైన పదహారు వందల తొంభై మూడు.”

“సారు ఎప్పుడూ రెండే ఇచ్చేవాడు. నాలుగిస్తాడా? అదీ పోయే ముందు?” అంది చెన్నమ్మ. “నా తలే చెడిందమ్మా. మా అమ్మకు అట్లనే మొదలయింది.”

“అయ్యో, అలా అనకండి. మొన్న నేను మా ఆయన పుట్టినరోజే మర్చిపోయాను. నన్నేమనాలి?” సౌజన్య ఆమె చెయ్యి పట్టుకుంది. “నేను పనిచేసేది బ్యాంకు ప్రోగ్రాములో కదండీ. అందులో ఖాతా నంబరు చివర ఒక అంకె కాపలాగా ఉంటుంది. గుమాస్తా పక్కపక్క అంకెలు రెండు తారుమారు చేసి కొట్టాడనుకోండి, అది పట్టేస్తుంది. పెద్ద పెద్దవాళ్ళు కూడా ఎక్కువగా చేసే తప్పు అదేనట. మీరు రాసుకున్నప్పుడు సరిచూసుకున్నారా?”

“చూసినా. తొమ్మిదితో చూసినా. సరిపోయింది.”

అనేసి చెన్నమ్మ ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళ కిందటి టీచర్ల గదిలోని వెంకటరామయ్య సారు గొంతు ఆమె చెవిలో పలికింది. కొత్తగా చేరిన రోజుల్లో ఇద్దరు సాక్షులెందుకు సార్, ఒకరు చాలదా అని తాను అడిగితే ఆయన చెప్పిన మాట.

“తొమ్మిది మంచి సాక్షే గానీ టీచరమ్మా, పంక్తిలో ఎంత వడ్డించినారో చెప్తాడు. ఎవరు ఏ పీట మీద కూచున్నారో చెప్పడు. పదకొండు అట్లా కాదు. పీటలు గూడా చూస్తాడు.”

అంకెలు ఎన్ని తారుమారైనా కూడిక మారదు. తొమ్మిది ఎప్పుడూ ఔననే అంటుంది. ఉగాది ముందురోజు నడుము నొప్పిలో ఆమె ఒక్క సాక్షినే పిలిచింది.

వారం తర్వాత సుద్దముక్క మళ్ళీ చేతికి వచ్చింది. బండ మీదున్న సంఖ్య నలభై ఏడు లక్షల డెబ్బై అయిదు వేల తొమ్మిది వందల యాభై మూడు. పదకొండు లెక్క కోసం ఒకటి విడిచి ఒకటి కూడింది. ఒక వరుసలో నాలుగు, ఏడు, తొమ్మిది, మూడు; ఇరవై మూడు. రెండో వరుసలో ఏడు, అయిదు, అయిదు; పదిహేడు. తేడా ఆరు; పదకొండుతో భాగిస్తే మిగిలేదీ అదే. సారు చెప్పింది రెండు.

“చూడమ్మా! ఇది ఆయనిచ్చింది కాదు!” ఆమె గొంతులో ఆ మాట ఏడుపులా వచ్చిందో నవ్వులా వచ్చిందో సౌజన్యకు తెలియలేదు.

“మరి ఆయనిచ్చింది ఏదండీ?”

“తేడా ఆరు కాదు, రెండు కావాల. అంటే మొదటి వరుస రెండు తగ్గాల, రెండో వరుస రెండు పెరగాల. పక్కపక్కన కూచున్న ఇద్దరు పీటలు మార్చుకోవాల. మొదటి వరుసవాడు రెండు ఎక్కువగా ఉండాల.” వేలు ఒక్కో అంకె మీదా ఆగుతూ నడిచింది. నాలుగు, ఏడు, కాదు. ఏడు, ఏడు, తేడాయే లేదు, కాదు. ఏడు, అయిదు. అక్కడ ఆగింది. “వీళ్ళే.”

డెబ్బై అయిదు చెరిపి యాభై ఏడు రాసింది. మళ్ళీ కూడింది. ఇరవై ఒకటి, పంతొమ్మిది. తేడా రెండు. ఆ పైన ఏడుతో భాగించింది. నాలుగు మిగిలింది.

“నలభై ఏడు లక్షల యాభై ఏడు వేల తొమ్మిది వందల యాభై మూడు” అని పైకి చదివింది. బస్సు కిటికీలోంచి విన్న సంఖ్య అదే. చదువుతుంటేనే నోటికి తెలిసిపోయింది.

తల చెడలేదు. కానీ ఇంకో సంగతి అప్పుడు తట్టింది. ఉగాది నుంచి ఆషాఢం దాకా పొద్దునపూట తాను కూర్చున్నది సారుతో కాదు. ఎవరిదో తెలియని, ఎవరూ ఇవ్వని సంఖ్యతో. పక్కన ఉన్నాడనుకున్న ఆ వేసవంతా పక్క కుర్చీ ఖాళీయే. చెన్నమ్మ సుద్ద అంటిన వేళ్ళను చీరకు తుడుచుకుంది. సౌజన్య లేచి పోలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

మర్నాడు కనకమ్మ పాలప్యాకెట్టు ఇస్తూ ఆమె ముఖం చూసి, “నవ్వుతున్నవ్! తెగిందా లెక్క?” అని అడిగింది.

“తెగల్యా. వెయ్యీ తొమ్మిది నుంచి మళ్ళా మొదలు.”

“అరె, మళ్లా మొదటికొచ్చిందా? ఎట్లయింది?”

“రాసుకునేటప్పుడు నేనే తప్పు రాసినాలే” అంది చెన్నమ్మ. బండ ఎవరు తోమారన్న మాట ఎత్తలేదు. నిజానికి తప్పు రాసింది తానే కదా. నడుము నొప్పితో ఉన్న మనిషికి పండగ పూట సాయం చేసిన చేతులను నొప్పించడం ఎందుకు?

కనకమ్మ అటు పోగానే సౌజన్య స్కూటీ బయటికి తీసింది. అరుగు దగ్గర ఆపి అడిగింది.

“టీచర్ గారూ, అసలుది దొరికింది కదా. పోనీ దీన్ని కొట్టి చూడమంటారా? మీకు చెప్పనులెండి, నా దగ్గరే ఉంచుకుంటాను.”

“వద్దమ్మా. మిషన్లో వెయ్యొద్దు.” చెన్నమ్మ అరుగు దిగి వచ్చి స్కూటీ పిడి మీద చెయ్యి వేసింది. “వేరే సాయం జెయ్యి. చేస్తావా?”

“చెప్పండి.”

“ఆ సంఖ్య నోటికి నేర్చుకో. కాగితం మీద వద్దు, నోటికే. ఇన్నాళ్ళూ అది నా ఒక్కదాని తలలోనే ఉన్నింది. అందుకే తప్పిపోయినా అడిగే దిక్కు లేకపాయె. పొద్దున బండి తీసేటప్పుడు నన్నొకసారి అడుగు, నేను చెప్తా. నేను తప్పితే నువ్వు దిద్దు. మొగమాటపడొద్దు, పిల్లోల్లను దిద్దినట్టే దిద్దు.”

సౌజన్య తల ఊపి బండి ఎక్కబోయింది. చెన్నమ్మ చెయ్యి తీయలేదు.

“ఇంకొకటి. సంఖ్యతో పాటు ఇచ్చినాయన పేరు గూడా గుర్తు పెట్టుకోమ్మా. వెంకటరామయ్య సారు.”